బొట్టు పెట్టిన హ్యాండిల్

కొత్త టవల్ రాడ్‌కు గోరు తగిలితే మెరుపు పెచ్చులుగా ఊడివచ్చింది. కింద తుప్పు. అమ్మినవాడిని అడిగితే "పైన మెరుస్తానే ఉండె గదమ్మా" అన్నాడు. ఇలాంటి మాటను నేను ఏడేళ్లప్పుడే విన్నాను.

మార్కాపురంలో నాయన సైకిల్ సామాన్లకు నికెల్ పూత వేసేవాడు. ముందు ఇనుమును యాసిడ్‌లో ముంచి, సోడాతో తోమి, చెంబుడు నీళ్లు పోసేవాడు. నీళ్లు చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డుంది, పూత పట్టదని మళ్లీ తోమేవాడు. నాకది తలంటులా కనిపించేది. స్నానమయ్యాక బొట్టు ఉండాలి కదా అని, ఒకరోజు తోమిన హ్యాండిల్‌కు నూనె చేత్తో కుంకుమ పెట్టాను.

నాయన బ్రష్ అందుకున్నాడు. సైకిల్ తెచ్చిన కిరాణా కొట్టు మామ, అన్నీ తెలిసిన మనిషి, అడ్డం పడ్డాడు.

"ఆడపిల్ల పెట్టిన బొట్టు చెరుపుతావా బావా? అట్లనే ముంచు. పైన మెరిస్తే సాలు."

"బొట్టు మనుషులకు. ఇనుముకు సోడానే," అన్నాడు నాయన.

మామ హ్యాండిల్ లాక్కుపోయి, ఇంకో దుకాణంలో బొట్టు మీదనే పూత వేయించుకున్నాడు. వానాకాలానికి సరిగ్గా అక్కడే పొర లేచింది. బజారులో నన్ను ఆపి చూపించాడు: "మీ నాయన బొట్టు చెరపబోయినాడు. అందుకే ఇట్లయింది."

నేను నమ్మాను. వారం రోజులు నాయనతో మాట్లాడలేదు.

ఈ రాడ్ కూడా నేను మెరుపు చూసే కొన్నాను.