ఒక దిమ్మె, ఇద్దరు శిష్యులు

1964లో నేను ఆదిలాబాద్‌లోని ఒక సాంకేతిక పాఠశాలలో ఫిట్టింగ్ విభాగానికి బోధకుడను. పత్తి నుండి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లొకటి ఏటా మా విద్యార్థులను అప్రెంటిస్‌లుగా, అనగా పని నేర్చుకొనే శిక్షణార్థులుగా చేర్చుకొనేది. ఆ ఏడు ఉన్న స్థానం ఒక్కటే.

ఎంపికకు వార్షిక పరీక్ష ఒక ఆధారం. రెండవది సెషనల్ మార్కులు. ఏడాది పొడుగునా వర్క్‌షాపులో చేసిన పనికి బోధకుడు వేసేవి. మిల్లు ఇంజనీరు మరాఠీ వారు, నిక్కచ్చి మనిషి. పరీక్షను నమ్మినంతగా సెషనల్‌ను నమ్మేవారు కారు.

చివరికి ఇద్దరు మిగిలారు. పట్టణంలోని బట్టల దుకాణదారు కుమారుడు యూసుఫ్‌కు పరీక్షలో ప్రథమ శ్రేణి. సిరిసిల్ల నేతవారి బిడ్డ సత్తయ్యకు ద్వితీయ శ్రేణే గాని, సెషనల్‌లో అతడే ముందు. ఇక చదివించలేమని అతని ఇంటివారు తేల్చి చెప్పారు. ఈ స్థానం దక్కకుంటే సత్తయ్య తిరిగి మగ్గం గుంటలోకి దిగవలసిందే.

ఇంటర్వ్యూలో మొదట సత్తయ్యను పిలిచి, అతని పేరున ఉన్న జాబును, అంటే వర్క్‌షాపులో చేసిన వస్తువును, బల్లపై పెట్టారు. ఇనుప పలక నడుమ చదరపు రంధ్రం, అందులో ఇమిడే దిమ్మె. దానిని ఏ పక్కకు తిప్పి దింపినా సందున వెలుతురు కనబడరాదు.

"నువ్వే చేసినవా?" అన్నారు ఇంజనీరుగారు.

"నేనొక్కన్నే చేయలే సార్. కొలతలు నావి. ఆకురాయి వట్టి ఇనుము రాకి అరగదీసింది యూసుఫ్."

ఆయన నా వైపు తిరిగారు. "మాస్టరుగారూ, సగం పనికి నిండు మార్కులేసిండ్రా?"

"పనిముట్లు చాలవు గనుక ఇద్దరిద్దరిని జత జేస్తం. ఎవరి చెయ్యి ఎక్కడ నడిచిందో దగ్గర నిలవడి చూసే మార్కులేస్తను," అన్నాను.

ఆయనకు తృప్తి కలుగలేదు. "నాదే అంటే అయిపోతుండె గద?" అన్నారు సత్తయ్యతో.

"మా ఇంట్ల చీర ఎవరు నేసిండ్రంటే ఒక్కరి పేరు చెప్పం సార్. అవ్వ నూలు కండెలు చుడుతది, అన్న పడుగు వేస్తడు, బాపు నేస్తడు."

నేత ఇంట సహజమైన ఆ మాట, ఒక్కని పనినే తూచే ఆ గదిలో అతని అవకాశాన్ని దాదాపు మింగివేసింది. ఇంజనీరుగారు యూసుఫ్‌ను లోనికి పిలిపించారు.

"దిమ్మె నువ్వు రాకినవట?"

"రాకిన సార్. మొదటిది మంచిగనే అయిందనుకున్న. వీడు కిటికీకి పట్టి చూసి పారేయుమన్నడు. రెండోది గూడ పారేయిపిచ్చిండు. వీనితోని పనంటే పెండ్లిపిల్లను చూసెటందుకు మా మేనత్తను తోలుకపోయినట్టే, ఏదీ నచ్చదు."

నేను నవ్వు ఆపుకొన్నాను. ఇంజనీరుగారు నవ్వలేదు.

"గిట్ల చెప్తే జాగ వానికి పోతది. ఎరుకేనా?"

"ఎరుకే సార్. కొలతలు నావే అంటే రేపు మీ మిషిన్ కాడ దొరికిపోత. నాకు ఫస్ట్ క్లాస్ ఉన్నది, ఫికర్ లేదు."

ఇంజనీరుగారు దిమ్మెను నాలుగు పక్కలా తిప్పి దింపి చూశారు. "జిన్ను మిషిన్ల రోలరుకు, కత్తికి నడుమ సందు తప్పితే గింజ నలిగి దూదంత ఖరాబైతది. సరిగ్గ లేనిదాన్ని పారేయుమనెటోడే నాకు కావాలె," అని సత్తయ్యను చేర్చుకొన్నారు.

యూసుఫ్ ధీమా వట్టిది కాలేదు. కొన్నాళ్లకు మరొక కర్మాగారం ప్రథమ శ్రేణి వారిని మాత్రమే పిలిచింది; అతడు వెళ్లి చేరాడు. సత్తయ్యకు అక్కడ దరఖాస్తు పెట్టే అర్హతే లేదు.

నాటినుండి నా శిష్యులకు పరీక్షను తేలికగా చూడవద్దని గట్టిగానే చెప్పాను. పిలుపు మార్కులను బట్టి వస్తుంది. పిలిచిన పిమ్మట మాత్రం ఏడాది పనిని ముందు పెట్టి అడుగుతారు. అందులో తన చేయి ఎంతో, తోటివాని చేయి ఎంతో జంకు లేకుండా చెప్పగలవాడు నిలుస్తాడు. ఆ మరుసటి ఏటినుండి, జతగా చేసిన ప్రతి జాబుపైనా ఇద్దరి పేర్లూ చెక్కించాను.