గొలుసు ఊరేగింపు

సినిమాకు జనాన్ని రప్పించమంటే ఊరినే ఖాళీ చేసిన ఘనుడిని నేను. ఎట్లాగో చెప్తాను, నవ్వుకోండి. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు రాదు.

నక్సలైట్ అన్నలు అడవుల్లో, వాళ్ళ పేరు మీద కుర్రాళ్ళను పట్టుకుపోయే పోలీసులు ఊళ్ళల్లో తిరిగే కాలం. సిరిసిల్లలో ఒక టాకీసుకు నేనే ప్రచారకర్తను. మనుషులకు గొలుసులు వేసి ఓడలో అమ్మకానికి తీసుకుపోయే కెప్టెన్ చివరికి పిచ్చెక్కి తననే వేలం వేసుకుంటాడు, అదీ సినిమా. మొదటి ఆటకు ఎలుకలు తప్ప ఎవరూ రాలేదు.

"ఐతారం హాలు నిండకుంటే వేరే పని చూస్కో," అన్నాడు ఓనరు.

నా బుర్ర అమోఘంగా పనిచేసింది. కరెంటు లేక సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగి, ఖాళీగా ఉన్న నేతపని దోస్తులకు గోనెసంచులు తొడిగి, అందరినీ ఒకే గొలుసుకు కట్టి తాళం వేశాను. కెప్టెన్ కోటు దొరక్క గేటుకీపర్ ఖాకీ చొక్కా నేను తొడుక్కున్నాను. చేతిలో లావుపాటి కర్ర. మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు.

పక్క ఊరి పొలిమేరలోనే, సినిమా పేరు అరుస్తూ మా ముందు నడుస్తున్న రిక్షా మైకు మూగబోయింది. రిక్షా అతను బ్యాటరీ కోసం వెనక్కి పోయాడు.

"ఏం గాదు, నడువుండ్రి. గులాముల లెక్క ముఖాలు దించుండ్రి," అన్నాను.

మహానటులు, దించారు. గొలుసు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక తలుపు మూసుకుంది, ఆ పక్కదీ మూసుకుంది. హోటల్లో పొయ్యి మీద చాయ్ పొంగిపోతోంది, మనిషి లేడు. కుక్క కూడా మొరగలేదు.

"అరేయ్, నాకు బుగులైతాంది. తాళం తియ్యి," అన్నాడు గొలుసులో అందరికన్నా ముందున్న దోస్తు రాజేశం, తల ఎత్తకుండా.

జేబు తడుముకున్నాను. తాళంచెవి టాకీసులో, నా సొంత చొక్కాలో ఉంది.

అప్పుడొక ముసలమ్మ వచ్చింది. ఒక్కొక్కరి గడ్డం పట్టి ముఖం ఎత్తి చూసింది. తరువాత నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది.

"సారూ, నా కొడుకు మల్లేశాన్ని జగిత్యాల దిక్కు తీస్కపోయిండ్రన్నరు. వీళ్ళల్ల లేడు. వేరే గుంపుల ఉన్నడా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "నేను పోలీసును గాదమ్మా. ఇది సిరిసిల్లల ఆడే సినిమా కోసం."

"అండ్ల ఇంకా ఉన్నరా, గొలుసులేసినోళ్ళు?"

"శానామంది ఉన్నరు," అనేశాను. ప్రచారకర్త బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఐతారం ఆటకు ఆ ఊరి నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. నేల టికెట్టు కొనుక్కుని తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఓడలో మనుషులను వరుసగా నిలబెట్టినప్పుడల్లా ఒక్కొక్క ముఖమూ చూసి తల అడ్డంగా ఊపింది. ఆట అయిపోయాక నా దగ్గరికి వచ్చింది.

"రేపు గూడ వీళ్ళేనా, వేరేటోళ్ళు వస్తరా?"

హాలు నిండలేదని మర్నాడే ఓనరు నన్ను పనిలోంచి తీసేశాడు, మంచి పని చేశాడు.

కాబట్టి సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నేను దేనికీ గొలుసు వేయను, సైకిలుకు కూడా. ఇప్పటికి మూడు పోయాయి. పోనివ్వండి, వెతుక్కుంటూ ఎక్కడికీ వెళ్ళను.