ఏడవకుండా చెప్పిన మాటలు

కువైట్‌లోని షుఐబాలో స్టోర్‌కీపరు ఉద్యోగం నాది. కోనసీమ నుంచి వచ్చేటప్పుడు నాటకాల పిచ్చిని కూడా వెంట తెచ్చుకున్నాను. రెండేళ్ళ కిందట ఒక చిన్న ఇంగ్లీషు నాటకం నా చేతికొచ్చింది. హిట్లర్ కాలంలో యూదులను చంపిన శిబిరం నుంచి బతికి బయటపడ్డ ఒక ముసలావిడ వాంగ్మూలమే ఆ నాటకం. అన్నీ ఆవిడ మాటలే. దాన్ని తెలుగు చేసి, అబూ హలీఫాలోని మా ఫ్లాట్‌లోనే, తెలిసిన పాతికమంది ముందు వేద్దామనుకున్నాను.

ఆ పాత్రకు మనిషిని మా ఆవిడే తెచ్చింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసే కడప మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. భజనలో ఆమె చదివే తీరు మా ఆవిడకు నచ్చింది. శుక్రవారం ఒక పూట ఇంటి యజమానురాలు, ఆమె మాటలో 'మామా', సెలవిచ్చేది.

"రైలు దిగాక అమ్మ నా బూట్ల తాళ్ళకు గట్టిగా రెండు ముళ్ళు వేసింది. నన్ను కుడివైపు పంపారు, అమ్మను ఎడమవైపు. మళ్ళీ చూడలేదు."

నాటకంలోని ఈ మాటల దగ్గర ఆమె ఏడవాలని నేను పట్టుబట్టాను. మా వైపు నాటకాల్లో ఇలాంటిచోట ఏడవకపోతే జనం ఒప్పుకోరు. మూడో శుక్రవారం రిహార్సల్లో ఆమె కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయమ్మ ఏడ్చినట్టు ఇందులో యాడ రాసినారన్నా?"

"రాయలేదండి. చూసేవాళ్ళకి బాధ తెలియాలి కదండి అక్కా."

"ముందు పనిచేసిన ఇంట్లో నన్ను గదిలో పెట్టి తాళం ఏసేవోళ్ళు. పారిపోయొచ్చి ఒక ఆఫీసులో కూసోని అంతా చెప్పినా. మొదట ఏడ్చినా. రాసుకునేటాయన పెన్ను పక్కన పెట్టి నీళ్ళిచ్చినాడు. మంచోడే. కానీ రాయడం ఆగిపాయ. నా మాట కాగితం మీదికి ఎక్కాల కదా. కండ్లు తుడుచుకోని, కూర ఎట్ల చేస్తారో చెప్పినట్టు చెప్పినా."

కాగితాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆయమ్మ కష్టం ముందర నాది ఎంతన్నా. కానీ చెప్పేటప్పుడు మనిషి ఎట్లుంటాదో నాకు తెలుసు."

నాకు సిగ్గేసింది. 'గద్గదంగా', 'కన్నీళ్ళతో' అని నా ప్రతిలో అడుగడుగునా రాసుకున్నాను. అవేవీ ఆ ముసలావిడవి కావు, నావి. అన్నీ కొట్టేశాను.

నాటకం రోజున ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని నలభై నిమిషాలు మాట్లాడింది. ఎక్కడా గొంతు పెంచలేదు. బూట్ల మాట దగ్గర మా ఆవిడ తల దించుకుంది. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, లేవనూ లేదు. చివరికి వెనక కూర్చున్న రాజంపేట ప్లంబరు అడిగాడు.

"అక్కా, వాళ్ళమ్మ ఏమైనట్టు?"

ఎడమవైపు పంపినవాళ్ళను చంపేశారన్నది అందరికీ తెలిసిన సంగతే. అయినా ఆమె నిదానంగా జవాబిచ్చింది.

"మళ్ళీ చూడలేదు అని మాత్రమే చెప్పినాదిరా ఆయమ్మ. అంతకుమించి నేనేం చెప్పను?"

ఇంతలో ఆమె ఫోన్ మోగింది, కింద కారొచ్చింది. "మామా పంపించినాది, పోవాల" అని లేచి, ఆ కాగితాలు తనకిస్తానా అని నన్ను అడిగింది. ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో, ఇక్కడ ఉండేందుకిచ్చిన సివిల్ ఐడీ కార్డు పక్కన పెట్టుకుంది.