సోమలింగం మామ పెదవులు

చేతిలో డబ్బుల్లేకుండా సినిమా తీయడానికి బయల్దేరిన మూర్ఖుల్లో నేనొకణ్ణి. అద్దెకు తెచ్చిన కెమెరా, దాన్ని పట్టుకోవడానికి నా స్నేహితురాలు ప్రసన్న, పద్దెనిమిది ఆదివారాలు. అంతే నా సరంజామా. నటులుగా సూరత్‌లో సలాబత్‌పురా దగ్గర మరమగ్గాలు నడిపే మన తెలుగువాళ్లనే బతిమాలుకున్నాను. వాళ్లు మగ్గాన్ని సాంచా అంటారు.

హీరో తండ్రి వేషం సోమలింగం మామకిచ్చాను. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ముప్పయ్యేళ్లయింది. ఎవరి జోలికీ పోడు. నర్సింగం చిన్నాయనకు మాత్రం పూటపూటకీ టీ తాగిస్తాడు. చిన్నాయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. ఇరవై రెండేళ్ల కిందట నిద్రమత్తులో తనే స్విచ్ వేసి, చెయ్యి సాంచాలో పెట్టుకున్నాడని అందరూ చెప్పేవాళ్లు. ఆయనా అదే చెప్పేవాడు. అప్పటి నుంచి కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్. మేం పిల్లలం ఆయన్ని కుంభకర్ణుడని ఏడిపించేవాళ్లం. ఇప్పుడది రాస్తుంటే తల ఎత్తలేకపోతున్నాను.

సినిమాలో తండ్రి సాంచాల మధ్య నిలబడి, చనిపోయిన కొడుకును తలుచుకుని ఏడవాలి. మూడు ఆదివారాలు తీసినా మామకు ఏడుపు రాలేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మామా, ఈ చప్పుడుల నీ మాట ఎట్లనూ రికార్డు కాదు. గొంతు తర్వాత వేరేవాళ్లతోని పెట్టిస్త. నీ కడుపుల ఏమున్నదో అదే చెప్పు," అని అరిచాను.

మామ చాలాసేపు కెమెరా వైపు చూశాడు. పెదవులు కదిలాయి. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి. నేను గంతులేశాను. ఆ షాట్‌ను వందసార్లు చూసుకుని మురిసిపోయాను. ఒక స్టూడెంట్ కుర్రాడి చేత "బిడ్డా, నన్నిడిసి యాడికి పోయినవ్‌రా" అని డబ్బింగ్ చెప్పించాను.

ఒక ఆదివారం పొద్దున మనవాళ్ల సంఘం హాలు కిటికీలకు గుడ్డలు కట్టి సినిమా వేశాం. ఆ షాట్ రాగానే హాలంతా నిశ్శబ్దమైపోయింది. నా ప్రతిభే అనుకున్నాను. ముందు వరసలో కూర్చున్న, ఒకప్పుడు సాంచాలు నడిపిన వెంకటవ్వ వెనక్కి తిరిగింది.

"వాడు గట్ల అంటలేడు గదరా," అంది.

సాంచాల మోతలో చెవులు పనిచేయవు. అక్కడ పనిచేసేవాళ్లు జీవితమంతా ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. మా అమ్మకూ వచ్చు. ఆల్థాన్‌లో సాంచాల చప్పుడుకు దూరంగా పెరిగి ఇంగ్లీషు చదువు వెలగబెట్టిన నాకే రాదు. మామకు తెలియక కాదు. ఎదురుగా ఉన్నది మిషనే కదా, పైన వేరే గొంతు పెడతారు కదా అని నమ్మాడు. నమ్మించింది నేను.

"ఏమంటున్నడవ్వా?" అని అడిగాను.

ఆమె ఒక్కో మాటా చెప్పింది. "నర్సింగా, స్విచ్ ఏసింది నేను. నువ్వు తెగిన పోగు ముడేస్తున్నవ్. నేను సూడలే. శేటుకు భయపడి నీ మీద చెప్పిన."

నర్సింగం చిన్నాయన లేచాడు. "ఇంకోపాలి పెట్టు. చప్పుడు తీసెయ్," అన్నాడు.

మూడుసార్లు పెట్టించుకుని చూశాడు. మామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇన్నేండ్లు నేనే నిద్రపోయిన అనుకున్న," అన్నాడు చిన్నాయన. "పెండ్లాం పిల్లల ముంగట తల దించుకోని బతికిన." తర్వాత నా వైపు తిరిగాడు. "గా ముక్క తీసెయ్యకు. ఆయన అన్న మాటలే పెట్టు. ఆయన గొంతుతోనే."

మరుసటి ఆదివారం ఇద్దరూ ఆల్థాన్‌లో నా గదికి వచ్చారు. బయటి చప్పుడు రాకుండా గోడలకు పరుపులు ఆనించి, మైకు పెట్టాను. తెర మీద మామ పెదవులు కదిలాయి. మైకు ముందు కూడా అచ్చం అలాగే కదిలాయి. గొంతు మాత్రం రాలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాడు. మైకు పాడైందేమోనని వైరు పీకి చూసుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది, సిగ్గులేనివాణ్ణి.

చిన్నాయన కుర్చీ దగ్గరకు లాక్కుని మామ పక్కన కూర్చున్నాడు.

"జర గట్టిగ చెప్పు బావా," అన్నాడు. "ఈడ సాంచాలు లెవ్వు."