బాబాయికి ఇష్టమైంది

మా పక్కింటి బాబాయి పోయారు. పోయిన ఆదివారం పొద్దున, లేవబోతుంటే గుండె ఆగింది. "తాగే పోయుంటాడు" అని మా కద్మా పేటలో ఎవరో అననే అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

టాటానగర్‌లో గూడ్సు గార్డుగా రిటైరయ్యాక ఆయనకు పొద్దుటి నుంచీ సీసానే తోడయింది. పిన్ని కిటికీలు మూసుకుని బతికిన రోజులవి. ఒట్లు పెట్టారు, మొక్కులు మొక్కారు, నిలవలేదు. చివరికి ఒక డాక్టరు, తాగాలన్న యావను తగ్గించే బిళ్ళలు రాశారు. రోజూ పొద్దున్నే అల్లం టీ పెట్టుకుని, గ్లాసుతో మా గోడ దగ్గరికొచ్చి, నాకు చూపించి బిళ్ళ మింగేవారు.

నాకు నమ్మకం కుదరలేదు. "మనసు గట్టిగా ఉంటే చాలు కదా బాబాయ్, బిళ్ళెందుకు?" అన్నానొకసారి.

"మరి నీకు కళ్ళజోడెందుకే? గట్టిగా సూడ్నేవేటి?"

రెండు నెలలకు మళ్ళీ తాగి వచ్చారు. నేననుకున్నదే అయిందనుకున్నాను. మర్నాడు తలొంచుకునే గోడ దగ్గరికొచ్చారు. "గూడ్సు బండి టక్కున ఆగదమ్మా. ముందు జోరు తగ్గాల," అన్నారు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. తాగుడు వారానికొకసారయింది, తర్వాత నెలకొకసారి, ఆ తర్వాత లేనే లేదు. పిన్ని కిటికీలు తెరిచింది. అలా నాలుగేళ్ళు. బిళ్ళ గొప్పా, ఆయన గొప్పా అన్నది నాకిప్పటికీ తేలలేదు.

చిన్నకర్మ నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెడతాం. ఒకప్పుడు బాబాయితో కూర్చుని తాగిన ఆయన తమ్ముడు, భాలుబాసా పేట నుంచి సంచిలో సీసా తెచ్చాడు.

"ఇదేట్రా?" అంది పిన్ని.

"అన్నకిష్టం గదా వదినా. రివాజ్ హై. ఎట్టకపోతే ఆత్మ తిరుగుతాది."

పెట్టనిస్తే బాబాయి అందరికీ తాగుబోతుగానే మిగిలిపోతారు. వద్దంటే ఆచారం కాదన్నట్టు. పిన్ని అరవలేదు.

"ఇష్టమైందే ఎట్టు, నానొద్దన్నానేటి? నాలుగేళ్ళబట్టి పొద్దున్నే లేసి ఏటి తాగేవోడో ఈ అమ్మాయినడుగు."

అందరూ నావైపు చూశారు. ఏదీ తేల్చి చెప్పే అలవాటు లేని నేను, "అల్లం టీ," అన్నాను.

తమ్ముడు సీసాను సంచిలోకి తోసేశాడు. తనే వంటింట్లోకెళ్ళి టీ పెట్టి, ఒక గ్లాసు విస్తరి పక్కనుంచాడు. ఇంకో గ్లాసు తనకు పోసుకుని, తెరిచిన కిటికీ కింద కూర్చున్నాడు. రెండు గ్లాసుల్లోంచీ ఆవిరి లేస్తోంది.