దుమ్ము లేపని దండం

మా కిటికీ కింద ఇస్త్రీ బండి అతను పొద్దున్నే పెట్టెలో బొగ్గులు రాజేసి విసురుతుంటాడు. ఆ పొగ రాగానే ఇంట్లో అందరూ కిటికీలు మూస్తారు. నేను మాత్రం తెరుస్తాను. ముసలితనంలో డాక్టరు చెప్పని అలవాట్లు కొన్ని ఉంటాయి. నాకు అది ఇస్త్రీ వాసన కాదు. యుద్ధకాలంలో మదనపల్లె, పుంగనూరు మధ్య తిరిగిన బొగ్గు బస్సు వాసన, దాని డ్రైవరు ఖాదరు సాయిబు చొక్కా వాసన. పెట్రోలు దొరకని రోజులవి. బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ములో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవారు. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోసేవారు. టిక్కెట్టు మాత్రం పూర్తిగానే తీసుకునేవారు.

అప్పుడు నేను కొత్తగా బి.ఏ. ప్యాసయ్యాను. నాన్న పోయారు. ఇంట్లో అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, నేను, నా బి.ఏ.; సంపాదించేవాళ్ళు ఎవరూ లేరు. కుప్పంలో ఒక నూనె వ్యాపారి, తన వ్యానులో ఊరూరా తిరిగి సరుకు వేసే ఉద్యోగం ఇస్తానన్నాడు. దానికి లైసెన్సు కావాలి. పరీక్ష పెట్టడానికి ఇన్‌స్పెక్టరు నెలకొకసారి మదనపల్లె వచ్చేవాడు. మొదటిసారి ఎత్తులో బండి ఆపమంటే ఆపాను. కదిలించమంటే వెనక్కి కదిలించాను. రెండోసారి అన్నీ సక్రమంగా చేస్తూ బజారులోకి వచ్చాను. ఎదురుగా చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన అయ్యవారు నడిచి వస్తున్నారు. మా వైపు అయ్యవారు కనబడితే రెండు చేతులూ జోడించకుండా పోవడమంటూ ఉండదు. జోడించాను. ఇన్‌స్పెక్టరు చటుక్కున స్టీరింగు పట్టుకున్నాడు కాబట్టి అయ్యవారు ఇంకా కొన్నేళ్ళు పాఠాలు చెప్పగలిగారు.

“మూడోసారీ తప్పితే ఇంకొకణ్ణి సూసుకుంటానప్పా, వ్యాను ఊరికే నిలబెట్టుకోను” అన్నాడు వ్యాపారి.

ఖాదరు సాయిబు మా నాన్నకు స్నేహితుడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. వెళ్ళి చెప్పుకుంటే పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “కాళ్ళకు దండం పెట్టేవాళ్ళను సూసినా గానీ, కాళ్ళ మీద బండెక్కించి పెట్టేవాణ్ణి నిన్నే సూస్తాండా” అని, మర్నాటినుంచి ఖాళీ బస్సులో స్టీరింగు ముందు నన్ను కూర్చోబెట్టాడు.

ఎత్తులో బస్సు ఆపించి, దిగి, వెనక చక్రానికి ఆనించి తన అగ్గిపెట్టె పెట్టేవాడు. “ఇది నలిగిందంటే ఈ పొద్దు నాకు బీడీ లేదు, గుర్తు పెట్టుకో.” అగ్గిపెట్టె దొరకడమే గగనమైన కాలం. నాలుగు రోజులు ఆయన బీడీ తాగలేదు. ఐదో రోజునుంచి ఎప్పటిలాగే హాయిగా దగ్గసాగాడు.

దండం రోగానికి మందు వేరే. “మావాడు వస్తాండాడు, సలాం కొట్టండి. తిరిగి కొడితే నాకు చెప్పండి” అని బజారంతా చాటాడు. టీ అంగడివాడు, దర్జీ, గాజులమ్మే అవ్వ అందరూ వరసగా నాకు దండాలు. నేను రాయిలా ముందుకు చూస్తూ పోయేవాణ్ణి. ఒక్క వారంలో అంత గౌరవమూ, అంత పొగరుబోతనే పేరూ మళ్ళీ నాకు రాలేదు.

“మర్యాద తెలీదంటారు మామా” అన్నాను.

“మర్యాద చేతుల్లోనే యాల ఉండాల? కాల్లో పెట్టుకో. పెద్దాయప్ప కనపడితే బ్రేకు మీద కాలేసి నిదానంగా పో. ఆయప్ప గుడ్డల మీద దుమ్ము పడకూడదు. అదే దండం.”

మూడోసారి ఎత్తులో వ్యాను వేలెడైనా వెనక్కి జరగలేదు. పుంగనూరు దారి పట్టాను. ఎండలో, రోడ్డు పక్కన, రంజానుకు తప్ప తొడగని తెల్లచొక్కాతో ఖాదరు సాయిబు నడుస్తున్నాడు. నన్ను చూసి నుదుటికి చెయ్యెత్తి సలాం చేశాడు. ఆయన వయసువాడు నాకు సలాం చెయ్యడమా! చేతులు రెండూ స్టీరింగు వదలలేదు. కాలు మాత్రం నెమ్మదిగా బ్రేకు నొక్కింది. దాటాక అద్దంలో చూశాను. చొక్కా తెల్లగానే ఉంది.

“ఎందుకు స్లో చేశావు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మనిషి నడుస్తున్నాడు సార్. దుమ్ము పడుతుందని.”

“అది నా కాగితంలో లేదే” అంటూనే సంతకం చేశాడు.

ఆ వ్యాను మా ఇంటికి అన్నం పెట్టింది. రెండేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం కుప్పంనుంచి వస్తూ పుంగనూరు దగ్గర ఆయన్ని చూశాను. దగ్గు ముదిరి, బస్సు మానేసి, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పద్ధతి ప్రకారం వేగం తగ్గించాను. చిటికెడు దుమ్ము కూడా లేవలేదు. ఆయన చూసి నవ్వాడు. సరుకు దించే తొందరలో ఉన్నాను. వచ్చే వారం ఆగుదాంలే అనుకున్నాను. వచ్చే వారానికి ఆయన లేడు. డ్రైవింగు నిబంధనల ప్రకారం ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్కటీ లేదు. ఎన్నిసార్లు సరిచూసుకున్నా లేదు.

అప్పటినుంచీ తెలిసిన పెద్దవాళ్ళు దారిలో కనబడితే బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, దిగి, రెండు చేతులూ జోడిస్తాను. రెండు మాటలు మాట్లాడితే గానీ ఎక్కను. అందువల్ల ఏ పెళ్ళికీ ముహూర్తం వేళకు చేరలేదు. భోజనానికి మాత్రం చేరాను. మొన్న కూడా ఒక ముసలాయన నా దండం అందుకుని, జాలిగా బండి వైపు చూశాడు.

“ఏమప్పా, ఈడ ఆగిపోయిందే?”

“ఆగలేదప్పా, నేనే ఆపినాను” అన్నాను.