పదకొండో అధ్యాయం

వరదొచ్చిన ఏడాది నడుంలోతు నీళ్ళలో నిలబడి, గొడుగు ఎగిరిపోయినా మాట తడబడకుండా టీవీలో వార్త చెప్పింది కాబట్టి ఆమెకు ‘వరద మేడం’ అన్న పేరు స్థిరపడిపోయింది. చాలా ఏళ్ళు ఆ ముఖం చూడనిదే జనానికి ముద్ద దిగేది కాదు. తర్వాత కళ్ళ కింద ముడతలు కెమెరాకు నచ్చలేదు. "మీ అనుభవం డెస్కుకి కావాలి మేడం" అన్నాడు ఎడిటరు. డెస్కంటే కిటికీ లేని గది, చల్లారిన టీ, ఇంకెవరో చదవబోయే వాక్యాలు. కొన్నాళ్ళు పళ్ళబిగువున నెట్టుకొచ్చి మానేసింది.

చరిత్ర పుస్తకాలు అలా మొదలయ్యాయి. పాత వంతెన ఎవరు కట్టారో, రాళ్ళు మోసిన కూలీలు ఏమయ్యారో వంటింటి బల్ల మీద కూర్చుని గుక్క తిప్పుకోనివ్వకుండా రాసింది. జనం ఎగబడి కొన్నారు. కాలేజీ ప్రొఫెసర్లు మాత్రం "టీవీ చరిత్ర" అని మూతి విరిచారు.

"వాళ్ళు రాసినవి వాళ్ళింట్లోవాళ్ళే చదవరు, నీకెందుకే బాధ?" అనేవాడు భర్త.

మూడో పుస్తకం పాత జైలు మీద. చౌరస్తాలో విగ్రహమై నిలబడ్డ తిరుగుబాటు నాయకుడు ఆ జైల్లోనే తోటివాళ్ళ పేర్లు చెప్పి ప్రాణం దక్కించుకున్నాడు. ఆ పేర్లవాళ్ళను ఉరితీశారు. ఇందులో రహస్యమేమీ లేదు, ఎప్పుడో అచ్చైన విచారణ నివేదికల్లోనే ఉంది. చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. గోళ్ళు పీకేదాకా ఆయన నోరు విప్పలేదని కూడా ఆమె రాసింది.

"ఆ పదకొండో అధ్యాయం తీసేద్దాం మేడం. ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు ప్రచురణకర్త.

"అది తీసేస్తే మిగిలేది అట్టలే" అంది.

పుస్తకం రాగానే ఊరు భగ్గుమంది. పాత ఛానెలే చర్చకు పిలిచింది. నడిపేవాడు ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు.

"ఆయన ద్రోహి అంటున్నారు. అవునా, కాదా?"

"ఆయన్ని చిత్రహింసలు పెట్టారు, అందుకే..."

"అవునా, కాదా?"

పెదాలు కదులుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం బయటికి రాలేదు. ఆమె మైకు తగ్గించేశారు. అయ్యాక వరండాలో అతను నవ్వుతూ, "ఏమనుకోకండి మేడం. మీరు నేర్పిందే కదా" అన్నాడు. నిజమే, తనే నేర్పింది. ఆమెకు ఒళ్ళు మండింది.

ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి. అక్క ఫోన్ చేసి తిట్టింది. "చచ్చినవాళ్ళ జోలి నీకెందుకే?"

"ఉరికంబమెక్కినవాళ్ళూ చచ్చినవాళ్ళేగా అక్కా."

అక్క టక్కున ఫోన్ పెట్టేసింది.

కొత్త ముద్రణ పార్శిల్ విప్పితే పన్నెండో అధ్యాయం పదకొండై కూర్చుని ఉంది. ప్రచురణకర్తను నిలదీసింది. "అడిగితే మీరొప్పుకోరు కదా, అందుకే అడగలేదు మేడం" అన్నాడు తాపీగా. లాయరు దగ్గరికి పరుగెత్తింది. ఒప్పందంలో ‘అవసరమైన మార్పులు’ అన్న మాట మీద వేలు పెట్టి చూపించాడాయన. కిందే ఆమె సంతకం.

ఈసారి పుస్తకానికి రెక్కలొచ్చాయి. సంతకాలు పెట్టడానికి పుస్తకాల షాపువాళ్ళు పిలిస్తే, వచ్చిన ప్రతివాళ్ళకీ జరిగింది చెప్పి తీరాలనుకునే వెళ్ళింది. మొదట వచ్చినావిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మా అమ్మాయికి ఆ నాయకుడంటే ప్రాణమండీ. ఎంత గొప్పగా రాశారో!"

వరద మేడం నోరు తెరిచింది. వెనక వరస తోసుకొస్తోంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"అమ్మాయి పేరేంటి?" అని అడిగి, సంతకం పెట్టింది.